కరెంటుకు దేశమంతా ఒకే ధర: ఎవరి లెక్క వారిది

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. దేశంలోని కరెంటంతా ఒకే వేలంలో అమ్మాలి, కొనాలి అన్న కేంద్రం ప్రతిపాదన గురించి, దాని మీద ఎవరి వాదన ఏమిటన్న దాని గురించి ఈ రోజు మాట్లాడతాను. ఈ హాల్లో సబ్‌స్టేషన్ల నుంచి వచ్చిన ఇంజనీర్లున్నారు, డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) అకౌంట్స్ వాళ్లున్నారు, వినియోగదారుల సంఘాల పెద్దలున్నారు, వెనక వరసల్లో విద్యార్థులున్నారు. అందుకని సగం మందికి తెలిసిన సంగతులతోనే మొదలుపెట్టాలి. తెలిసినవాళ్లు కాసేపు ఓపిక పట్టండి.

కరెంటు ధర అంటున్నామంటే ముందు ఏ ధరో తేల్చుకోవాలి. మన డిస్కంలు కొనే కరెంటులో అత్యధిక భాగం దీర్ఘకాలిక ఒప్పందాలది, అంటే పీపీఏలది. థర్మల్ స్టేషన్‌తో పీపీఏ ఉంటే బిల్లులో రెండు ముక్కలుంటాయి. ఒకటి ఫిక్స్‌డ్ ఛార్జీ. అది ఇంటి అద్దె లాంటిది. స్టేషన్ సిద్ధంగా ఉందంటే చాలు, మనం యూనిట్ తీసుకున్నా తీసుకోకపోయినా కట్టాల్సిందే. రెండోది వేరియబుల్ ఛార్జీ, అంటే బొగ్గు ఖర్చు. తీసుకున్న యూనిట్లకే కడతాం. రోజూ పొద్దున ఏ స్టేషన్ నడపాలి, దేన్ని తగ్గించాలి అని చూసేటప్పుడు ఈ రెండో ముక్కనే చూస్తాం. తక్కువ వేరియబుల్ ఉన్నది ముందు, ఎక్కువ ఉన్నది చివర. మెరిట్ ఆర్డర్ అంటే అదే.

ఇక ఎక్స్ఛేంజీ ధర. ఎక్స్ఛేంజీ అంటే కరెంటును వేలంలో కొనే, అమ్మే బజారు. దేశంలో ఉత్పత్తయ్యే కరెంటులో పదో వంతు కూడా ఎక్స్ఛేంజీల గుండా పోదు. కానీ పేపర్లో "యూనిట్ పది రూపాయలకు కొన్నారు" అని వచ్చేది ఆ కొంచెం గురించే. ఐఈఎక్స్ 2008 జూన్‌లో మొదలైంది, పీఎక్స్ఐఎల్ అదే ఏడాది అక్టోబరులో, హెచ్‌పీఎక్స్ 2022లో వచ్చింది. రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా కోస్తారు. డే-అహెడ్ మార్కెట్లో రేపటి కరెంటుకు ఈ రోజు ఉదయం 10 నుంచి 12 లోపు బిడ్లు వేయాలి. 2020 జూన్ 1 నుంచి రియల్ టైమ్ మార్కెట్ కూడా ఉంది. అందులో రోజుకు 48 వేలాలు. 11 గంటల నుంచి 11:30 వరకు కావలసిన కరెంటుకు 9:45–10:00 మధ్య బిడ్ వేస్తారు.

వేలంలో ధర ఎలా పడుతుందో చిన్న లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను కల్పించినవే, పద్ధతి మాత్రం అసలైనది. అమ్మేవాళ్లు నలుగురు. గాలి, నీటి కరెంటు 2,000 మెగావాట్లు, దాదాపు సున్నా ధరకు. గని పక్కనున్న థర్మల్ 2,000 మెగావాట్లు, యూనిట్ రూ.2.80కి. గనికి దూరంగా ఉన్నది 1,500 మెగావాట్లు, రూ.4.50కి. దిగుమతి బొగ్గుది 1,000 మెగావాట్లు, రూ.7కి. కొనేవాళ్లకు 5,000 మెగావాట్లు కావాలి. చివరి యూనిట్ మూడో స్టేషన్ దగ్గర దొరుకుతుంది కాబట్టి అందరికీ రూ.4.50. ఒక మెగావాట్ గంటసేపు నడిస్తే వెయ్యి యూనిట్లు కాబట్టి గంటకు 50 లక్షల యూనిట్లు, రూ.2.25 కోట్లు. ఇప్పుడు ఎండ ముదిరి అవసరం 5,600కు పెరిగింది. మొదటి మూడూ కలిపి 5,500. ఆ మిగిలిన వంద మెగావాట్ల కోసం దిగుమతి బొగ్గు స్టేషన్‌ను ముట్టుకోవాలి. దాంతో అందరికీ ఏడు రూపాయలే. 56 లక్షల యూనిట్లు, రూ.3.92 కోట్లు. అదనంగా కొన్నది 6 లక్షల యూనిట్లే, అదనంగా కట్టింది రూ.1.67 కోట్లు. అంటే పెరిగిన ఒక్కో యూనిట్ దాదాపు 28 రూపాయలు పడినట్టు.

అన్యాయంగా కనిపిస్తుంది కదా? "ఎవరు ఎంతకు అమ్ముతామంటే అంతే ఇవ్వండి" అని చాలామంది అంటారు. అలా చేస్తే గాలిమర వాడు సున్నాకు బిడ్ వేయడు. చివరి ధర ఎంత పడుతుందో ఊహించి, దానికి పది పైసలు తక్కువ వేస్తాడు. ఊహ తప్పితే చవక కరెంటు బయటే ఉండిపోయి ఖరీదైనది నడుస్తుంది. అందుకే ఒకే ధర. ఇబ్బంది ఈ పద్ధతిలో లేదు. కొరత వేళ ఈ పద్ధతికి ఎంత సరుకును అప్పగిస్తున్నాం అన్న దాంట్లో ఉంది. మన వాదులాటంతా అక్కడి నుంచే పుట్టింది.

2021 అక్టోబరులో బొగ్గు నిల్వలు అడుగంటాయి. ఎక్స్ఛేంజీ ధర 20 రూపాయలకు తాకింది. 2022 మార్చిలో మళ్లీ అదే పరిస్థితి. కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి, అంటే సీఈఆర్‌సీ, 2022 ఏప్రిల్లో 12 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. 2023 ఏప్రిల్ నుంచి దాన్ని 10 రూపాయలకు దించింది. డిస్కంలు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ పరిమితి పెడితే ధర దిగుతుంది గానీ కరెంటు పుట్టదు. ధర పదికి తాకిన బ్లాకులో కొనేవాళ్లంతా పదికే బిడ్ వేసి ఉంటారు, సరుకు చాలదు, ఉన్నదాన్ని అడిగినవాళ్ల పరిమాణాన్ని బట్టి పంచుతారు. 500 మెగావాట్లు అడిగితే 150 రావచ్చు. రెండు రోజులు ఇలా జరిగాక కొనుగోలు డెస్క్ మీద ఉన్న ఏ మనిషైనా ఏం చేస్తాడు? 500 కావాలంటే 1,500 అడుగుతాడు. అందరూ అలాగే అడిగితే కొరత ఉన్నదానికి మూడింతలుగా కనిపిస్తుంది. పొరపాటున ఒక రోజు సరుకు దండిగా వచ్చి అడిగినంతా దొరికితే, వద్దన్నా కొన్న కరెంటును ఎక్కడ తోయాలో తెలియక సొంత స్టేషన్లను బ్యాక్‌డౌన్ చేయాలి, అంటే ఉత్పత్తి తగ్గించాలి.

గోదావరి తీరంలో గ్యాస్ స్టేషన్లు మీకు గుర్తుండే ఉంటాయి. కేజీ బేసిన్ గ్యాస్ పడిపోయాక అవి ఖాళీగా కూర్చున్నాయి. దిగుమతి గ్యాస్‌తో నడిపితే పది రూపాయలకు గిట్టదు. అలాంటివాటి కోసమే 2023 మార్చిలో అధిక ధర డే-అహెడ్ మార్కెట్ తెరిచారు. మొదట పరిమితి 50 రూపాయలు, వెంటనే 20కి తగ్గించారు. అందులో వ్యాపారం నామమాత్రం. 20 రూపాయలకు కొని రిటైల్లో ఏడుకో ఎనిమిదికో అమ్మే డిస్కం ఏదుంటుంది? కోత పెట్టడమే దానికి చవక. కోతకు వెల కట్టేవాడు లేడు కాబట్టి.

ఇదంతా భూమిక. ఇక అసలు సంస్కరణ దగ్గరికొద్దాం.

2021 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ ఒక చర్చా పత్రం పెట్టింది. పేరు మార్కెట్ ఆధారిత ఎకనామిక్ డిస్పాచ్, పొట్టిగా ఎంబీఈడీ. సారాంశం ఇది: ఏ రాష్ట్రానికా రాష్ట్రం తన ఒప్పందాల్లోంచే ఏరుకోవడం మానేసి, దేశంలోని స్టేషన్లన్నీ, కేంద్రానివి, రాష్ట్రానివి, ప్రైవేటువి, ఒకే కేంద్ర డే-అహెడ్ వేలంలో అమ్మాలి. డిస్కంలన్నీ అక్కడే కొనాలి. ఏడాదికి సుమారు 12,000 కోట్ల రూపాయలు ఆదా అని అంచనా చెప్పారు. 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర థర్మల్ స్టేషన్లతో మొదటి దశ అన్నారు. ఆ తేదీకి మొదలుకాలేదు.

దీని వెనకున్న తర్కం తప్పేమీ కాదు. ఒక రాష్ట్రానికి రూ.1.80 స్టేషన్లో వాటా ఉండి, ఆ వేళ అవసరం లేక వదిలేస్తుంది. అదే సమయంలో పక్క రాష్ట్రం తన రూ.3.60 స్టేషన్‌ను పూర్తిగా నడుపుతుంది. చవక కరెంటు ఆగి, ఖరీదు కరెంటు నడుస్తోంది. ఎవరి జాబితాలో వారు మెరిట్ ఆర్డర్ తప్పకుండా పాటిస్తున్నారు. దేశం మొత్తంగా చూస్తే మాత్రం తప్పుతోంది.

మరి పీపీఏలు? వాటిని రద్దు చేయరు. ఫిక్స్‌డ్ ఛార్జీ ఎప్పట్లాగే కట్టాలి. వేరియబుల్ దగ్గర సర్దుబాటు ఉంటుంది. ఒప్పందం ధర 3 రూపాయలు, మార్కెట్ ధర రూ.4.50 పడింది అనుకోండి. డిస్కం మార్కెట్‌కు 4.50 కడుతుంది. స్టేషన్‌కు మార్కెట్ నుంచి 4.50 వస్తుంది. అందులో రూపాయిన్నర స్టేషన్ తిరిగి డిస్కంకు ఇస్తుంది. నికరంగా మూడే. మార్కెట్ ధర రూ.2.50 పడితే? 3 రూపాయల స్టేషన్ ఎంపిక కాదు, ఆగుతుంది. డిస్కం మార్కెట్లో రూ.2.50కే కొంటుంది, యూనిట్‌కు అర్ధ రూపాయి మిగులు. కాగితం మీద ఎటు చూసినా డిస్కంకు నష్టం లేదు.

అకౌంట్స్ వాళ్లు ఇక్కడే తలెత్తుతారు, సరిగ్గానే. కాగితం మీద నష్టం లేదు, నిజమే. డబ్బు ఏ రోజు కదులుతుంది? పీపీఏలో నెల మొత్తం వాడుకుంటాం, నెల తిరిగాక బిల్లు వస్తుంది, ఆ బిల్లుకు 45 రోజుల గడువు. సగటున చూస్తే వాడిన యూనిట్‌కు 60 రోజుల తర్వాత డబ్బు కడుతున్నాం. ఎక్స్ఛేంజీలో అరువు లేదు. ఖాతాలో డబ్బుంటేనే బిడ్. రోజుకు పది కోట్ల యూనిట్లు పీపీఏల మీద కొనే డిస్కంను తీసుకోండి. మూడు రూపాయల చొప్పున రోజుకు 30 కోట్లు, 60 రోజులకు 1,800 కోట్లు. ఇప్పటిదాకా స్టేషన్లు అరువిచ్చిన ఈ మొత్తాన్ని డిస్కం బ్యాంకు నుంచి తేవాలి. 9 శాతం వడ్డీకి ఏడాదికి 162 కోట్లు. అంతేనా? మార్కెట్లో కట్టేది మూడు కాదు, 4.50. ఆ రూపాయిన్నర తిరిగి రావడానికి వారం పడితే, రోజుకు 15 కోట్ల చొప్పున ఇంకో 105 కోట్లు ఎప్పుడూ గాల్లో ఉంటాయి. త్వరగా కడితే వచ్చే రిబేటుతో కొంత సర్దుకుంటుంది, కాదనను. కానీ ప్రభుత్వం సబ్సిడీ సొమ్ము ఆలస్యంగా విడుదల చేసే రాష్ట్రంలో, వ్యవసాయ కరెంటు ఉచితంగా ఇచ్చే డిస్కంలో, ఆ 1,800 కోట్లు ఎవరు తెస్తారు అన్నదే ప్రశ్న. చర్చా పత్రం మీద డిస్కంల అసలు అభ్యంతరం సిద్ధాంతానిది కాదు, చెక్కుపుస్తకానిది.

రాష్ట్ర ప్రభుత్వాల అభ్యంతరం వేరు. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉంది. మా స్టేషన్, మా బొగ్గు, మా పంపులు, ఏది ఎప్పుడు నడపాలో ఢిల్లీలో కంప్యూటర్ చెబుతుందా అని. ఇది రాజకీయ మాట అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను కొట్టిపారేయను, ఎందుకో చెప్తాను. 2022 ఆగస్టులో బకాయిల పేరిట 13 రాష్ట్రాల డిస్కంలను ఎక్స్ఛేంజీల్లో కొనకుండా ఒక రాత్రికి రాత్రి ఆపారు. ఆ జాబితాలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. కట్టేశామని కొందరు, లెక్క తప్పని కొందరు మొత్తుకున్నారు. ఆ రోజు ఎక్స్ఛేంజీ మూసుకుపోయినా పీపీఏల కరెంటు వస్తూనే ఉంది కాబట్టి బండి నడిచింది. ఇప్పుడు ఊహించండి: కరెంటంతా ఎక్స్ఛేంజీ గుండానే వస్తున్న రోజు ఆ స్విచ్ నొక్కితే? ఈ ప్రశ్నకు జవాబు నిబంధనల్లో రాసి ఉండాలి, మాటల్లో కాదు.

ఉత్పత్తిదారులు ఒకే గొంతుతో మాట్లాడరు. గని పక్కనున్న స్టేషన్‌కు ఇది వరమే, ఎక్కువ గంటలు నడుస్తుంది. అయితే మార్కెట్లో వచ్చిన అదనపు డబ్బంతా ఒప్పందదారుకు తిరిగిచ్చేస్తే మాకేం మిగులుతుంది, కొంత వాటా ఇవ్వండి అని అడుగుతుంది. పీపీఏ లేని స్టేషన్లు ఒకే మాట అంటాయి: పరిమితి తీసేయండి. రాష్ట్ర జెన్‌కోల, అంటే రాష్ట్ర ప్రభుత్వాల ఉత్పత్తి సంస్థల, భయం నిజమైనది. గనులకు దూరంగా ఉన్న రాయలసీమ థర్మల్ లాంటి చోట బొగ్గు ధరకు రైలు ఛార్జీ తోడవుతుంది. దేశవ్యాప్త జాబితాలో పెడితే అవి అట్టడుగున పడతాయి. ఫిక్స్‌డ్ ఛార్జీ వస్తుంది కదా అంటే వస్తుంది. కానీ ఎక్కువ రోజులు ఆగి, పిలిచినప్పుడల్లా వెలిగించే బాయిలర్ పరిస్థితి ఇక్కడున్న ఆపరేషన్ ఇంజనీర్లకు వేరే చెప్పనక్కర్లేదు. ట్యూబ్ లీకులు పెరుగుతాయి, వెలిగించిన ప్రతిసారీ ఆయిల్ కాలుతుంది, 55 శాతం టెక్నికల్ మినిమం (అంతకంటే తగ్గించి నడపకూడని మట్టం) దగ్గర నడిపితే యూనిట్‌కు బొగ్గు ఎక్కువ పడుతుంది. ఈ ఖర్చులు బిడ్‌లో పెట్టనిస్తారా లేదా?

లైన్ల సంగతి ఇంకా తిరకాసు. మన డే-అహెడ్ మార్కెట్లో దేశం 13 బిడ్ ఏరియాలుగా ఉంటుంది. తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక ఎస్1, తమిళనాడు ఎస్2, కేరళ ఎస్3. లైన్లలో ఖాళీ ఉంటే అందరికీ ఒకే ధర, నిండితే ఏరియాకో ధర. దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైను ద్వారా మిగతా దేశంతో కలిసింది. కలిసిన తర్వాత కూడా కొన్నేళ్లు ఎస్1, ఎస్2ల ధర ఉత్తరాది కంటే చాలా ఎక్కువగా పడేది. వార్ధా–నిజామాబాద్–మహేశ్వరం లాంటి లైన్లు వచ్చాకే ఆ తేడా చాలావరకు కరిగింది. ఎంబీఈడీలో ఇది ఎందుకు ముఖ్యమంటే: స్టేషన్ పశ్చిమ ఏరియాలో, అక్కడ ధర 4. కొనేది ఎస్1లో, ఇక్కడ ధర 6. ఒప్పందం 3. స్టేషన్ తిరిగిచ్చేది తనకు వచ్చిన 4 లోంచి 3 పోగా ఒక్క రూపాయే. మనం కట్టింది ఆరు, నికరం ఐదు. ఒప్పందం మూడైనా ఐదు పడింది. లైను నిండినందువల్ల పడిన ఆ రెండు రూపాయల తేడా, అంటే రద్దీ సొమ్ము, ఒప్పందం ఉన్నవాడికే తిరిగి రావాలని రాయకపోతే, మొదట దెబ్బ తినేది లైను చివరనున్న రాష్ట్రాలే. బ్రిటన్‌లో ఇలాంటి ప్రాంతాలవారీ ధరలు పెట్టాలా వద్దా అని మూడేళ్లు కొట్టుకుని, 2025 జూలైలో ప్రభుత్వం వద్దని తేల్చింది. మనకు ప్రాంతాలవారీ ధరలు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. కొంచెం సరుకుకే వర్తించాయి కాబట్టి.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. చవక కరెంటు ఆగకుండా నడవాలన్న లక్ష్యానికి డబ్బంతా ఎక్స్ఛేంజీ గుండా తిప్పక్కర్లేదు. 2019 ఏప్రిల్ నుంచి ఒక పద్ధతి నడుస్తోంది, ఎస్‌సీఈడీ అంటారు. ఏ స్టేషన్ నుంచి ఎంత కావాలో రాష్ట్రాలు ఎప్పట్లాగే షెడ్యూళ్లు ఇస్తాయి. ఆ తర్వాత దేశం గ్రిడ్‌ను నడిపే జాతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్ కంప్యూటర్ అంతర్రాష్ట్ర థర్మల్ స్టేషన్లన్నిటినీ ఒక వరసలో పెట్టి, టెక్నికల్ మినిమం, ర్యాంప్ (స్టేషన్ ఎంత వేగంగా పెరగగలదు, తగ్గగలదు), లైన్ల పరిమితులు చూసుకుని సర్దుతుంది. రూ.3.60 స్టేషన్‌ను 100 మెగావాట్లు తగ్గించి, రూ.1.80 స్టేషన్‌ను 100 పెంచింది అనుకోండి. గంటకు లక్ష యూనిట్లు. తగ్గిన స్టేషన్ జాతీయ పూల్‌కు, అంటే ఉమ్మడి ఖాతాకు, 3.60 లక్షలు కడుతుంది, పెరిగిన స్టేషన్‌కు పూల్ 1.80 లక్షలు ఇస్తుంది. మిగిలిన 1.80 లక్షలు ఆదా. నిబంధనల ప్రకారం పంచుకుంటారు. డిస్కం బిల్లు, గడువు, అరువు ఏవీ మారవు. రాష్ట్రం తన షెడ్యూల్‌ను వదులుకోదు. జెన్‌కో స్టేషన్లను కూడా ఇష్టపూర్వకంగా ఇందులో చేర్చితే ఎంబీఈడీ చెప్పిన ఆదాలో పెద్ద భాగం చేతికొస్తుందని నా లెక్క. లోపం లేదని కాదు. ఇది ధరను బయటపెట్టదు. కొత్త స్టేషన్ కట్టాలా, బ్యాటరీ పెట్టాలా అని చూసేవాడికి ఇందులోంచి ఏ సంకేతమూ అందదు. దానికి మార్కెట్ కావాలి, ఒప్పుకుంటాను.

మార్కెట్ కప్లింగ్ గురించి రెండు మాటలు చాలు. మూడు ఎక్స్ఛేంజీల బిడ్లను ఒకచోట కలిపి ఒకే ధర తేల్చాలని సీఈఆర్‌సీ 2025 జూలై 23న ఆదేశించింది, ఎక్స్ఛేంజీలు వంతులవారీగా ఆ పని చేయాలని. మర్నాడు ఐఈఎక్స్ షేరు పావు వంతుకు పైగా పడింది. డే-అహెడ్ వ్యాపారం దాదాపు మొత్తం ఒకే ఎక్స్ఛేంజీలో ఉంది కాబట్టి, కలిపినా ధర పెద్దగా మారదు. మారేది ఎక్స్ఛేంజీల ఫీజుల పంపకం. అది వాళ్ల గొడవ.

2025 జూలైలో సరుకుల, షేర్ల ఎక్స్ఛేంజీలైన ఎంసీఎక్స్, ఎన్‌ఎస్‌ఈల్లో కరెంటు ఫ్యూచర్స్ (రాబోయే నెల ధరను ముందే ఖాయం చేసుకునే ఒప్పందాలు) వచ్చాయి, లాటు 50 మెగావాట్ అవర్లు. డిస్కంలు అందులో బీమా వెతుక్కునే ముందు ఒకటి చూసుకోవాలి. ఫ్యూచర్స్ నెల సగటు ధర మీద తేలుతాయి. మన బాధ సగటు కాదు. మధ్యాహ్నం సోలార్ దంచి కొడుతుంటే ధర నేలకు దిగుతుంది. 2025 మే నెలలో కొన్ని బ్లాకుల్లో సున్నా దగ్గరికి వచ్చింది. సాయంత్రం ఆరు దాటగానే పదికి ఎగబాకుతుంది. సగటు నాలుగున్నర అని సంతోషిస్తే, సాయంత్రం కొనేవాడికి ఆ సగటు అన్నం పెట్టదు.

మీలోంచి ప్రశ్నల చీటీలు రెండొచ్చాయి. మొదటిది: "ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నం రెండు రూపాయలకు దొరుకుతుంటే మా ఫ్యాక్టరీకి ఎందుకు దక్కదు?" దక్కుతుంది, ఓపెన్ యాక్సెస్ తీసుకుంటే, అంటే డిస్కం లైన్ల మీదుగా బయట కొన్న కరెంటు తెచ్చుకునే అనుమతి తీసుకుంటే. కానీ ఆ రెండు మీద ట్రాన్స్‌మిషన్ ఛార్జీ, వీలింగ్ ఛార్జీ (డిస్కం లైన్లు వాడినందుకు), లైన్లలో నష్టాలు, క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ (ఇతర వినియోగదారుల సబ్సిడీకి మీరు మోసే వంతు), అదనపు సర్‌ఛార్జీ కలపండి. ఆ అదనపు సర్‌ఛార్జీ ఏమిటంటే, మీరు వెళ్లిపోయినా డిస్కం కడుతున్న ఫిక్స్‌డ్ ఛార్జీలో మీ వంతు. మీరు పగలు బయట కొని సాయంత్రం డిస్కం దగ్గరికి తిరిగొస్తే, ఆ ఖరీదైన సాయంత్రాన్ని మిగతా వినియోగదారులు మోస్తారు. రెండు పక్కలా న్యాయం ఉంది.

రెండోది: "ఇంటి బిల్లు తగ్గుతుందా? ట్రూఅప్ పోతుందా?" మీ బిల్లులో ట్రూఅప్, ఇంధన సర్దుబాటు వచ్చేది టారిఫ్ ఆర్డర్లో ఒప్పుకున్న కొనుగోలు ధరకూ, నిజంగా కొన్న ధరకూ తేడా వల్ల. ఆంధ్రలో నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా వసూలు చేసింది దాని కిందే. మార్కెట్ పద్ధతి మారినా ఆ తేడా ఉంటుంది, అంకె మారుతుంది అంతే. డిస్కంలు నవంబరు నెలాఖరుకు వార్షిక ఆదాయ అవసరాల నివేదిక దాఖలు చేస్తాయి, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ, బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడికి వెళ్లి "ధర పెంచొద్దు" అనడం కంటే ఇవి అడగండి. ఎక్స్ఛేంజీలో కొన్నది నెల సగటుగా కాకుండా 96 బ్లాకుల వారీగా ఇవ్వండి. పది రూపాయల పరిమితికి తాకిన బ్లాకులెన్ని, వాటిలో అడిగిందెంత, దొరికిందెంత? అదే బ్లాకుల్లో మన పీపీఏ స్టేషన్లలో ఏవి ఆగి ఉన్నాయి, బొగ్గు లేకనా, రిపేరుకా? మధ్యాహ్నం రెండు రూపాయలకు దొరికే వేళ నాలుగు రూపాయల స్టేషన్‌ను టెక్నికల్ మినిమం కంటే పైన నడిపారా, నడిపితే ఎన్ని గంటలు? ఎస్‌సీఈడీ ఆదాలో మన రాష్ట్రానికి వచ్చిన వాటా ఏ పద్దులో జమ చేశారు? చివరిది మర్చిపోవద్దు, ఆ పద్దు చాలాసార్లు ఎవరికీ కనపడదు.